భయపడే కుక్కకి లిక్ మ్యాట్: రెండేళ్లు వాడాక నా మాట

మా కర్రోడు నాటు కుక్క. మనిషిని చూస్తే తోక ఊపుతాడు, కుక్కర్ విజిల్ వేస్తే మంచం కింద దూరతాడు. వాడి కోసం ఆన్‌లైన్‌లో 300 చిల్లర పెట్టి ఒక లిక్ మ్యాట్ తెప్పించాను. రెండేళ్లు దాటింది, ఇప్పటికీ వాడుతున్నాం. కొన్ని పనులకు ఇంతకు మించింది లేదు, కొన్నిటికి దండగ. ఆ తేడా ఎక్కడుందో తెలియక డబ్బులు పోయాయని తిట్టుకునేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి రాస్తున్నాను.

చూడని వాళ్లకి: ఇది మెత్తటి సిలికాన్ పలక. పైన గళ్లు, బుడిపెలు ఉంటాయి. ఆ సందుల్లో మెత్తని తిండి పూసి ఇస్తే కుక్క గబుక్కున మింగడానికి లేదు, నాకి నాకి తినాల్సిందే. నాకుతూ ఉంటే కుక్క కాస్త కుదుటపడుతుంది, ధ్యాస కూడా తిండి మీదికి మళ్లుతుంది.

స్నానానికి దీన్ని మించింది లేదు. వెనకవైపు సక్షన్ కప్పులుంటాయి, బాత్రూమ్ టైల్‌కి వాడి ముక్కు ఎత్తులో అంటిస్తాను. వీపు మీద మగ్గుతో నీళ్లు పోస్తుంటే చెవులు వెనక్కి వాల్చుకునే ఉంటాడు, వెనక కాళ్లు కాస్త వణుకుతాయి కూడా, కానీ నాలుక మాత్రం ఆగదు. గోళ్లు కత్తిరించడం కూడా అలాగే జరిగిపోతోంది, ఒక పూటకి ఒక కాలు చొప్పున. వరండాలో మాత్రం ఆ కప్పులు పనికిరావు, మా కడప బండలు గరుకు. అక్కడ మనమే కాలితో తొక్కి పట్టుకోవాలి.

అసలు పరీక్ష మే నెలలో మా తిరుపతి గంగమ్మ జాతరప్పుడు. అమ్మవారి గుడి ఉన్న తాతయ్యగుంట వైపు నుంచి డప్పుల మోత వినిపించడం మొదలవగానే మ్యాట్ కింద పెడతాను. మోత రెండు వీధుల అవతల ఉన్నంతసేపూ తింటాడు. దగ్గరయ్యేకొద్దీ రెండుసార్లు నాకి ఒకసారి తలెత్తుతాడు. సందు మొదట్లోకి వచ్చిందంటే మూతికి అంటిన పెరుగు కూడా నాక్కోకుండా లేచి వెళ్లిపోతాడు. బైరాగి వేషం వేసుకుని ఒళ్లంతా తెల్లగా పూసుకున్న పిల్లలు గేటు దగ్గరికొస్తే ఇక చెప్పక్కర్లేదు.

నాకు మ్యాట్ విలువ తెలిసింది అక్కడే. అది వాడి భయానికి థర్మామీటర్. తింటున్నాడంటే ఇంకా తట్టుకోగలుగుతున్నాడు. మొహం తిప్పుకున్నాడంటే హద్దు దాటింది, ఇక ఎంత రుచిగా పూసినా లాభం లేదు. అప్పుడు లోపలి గదిలోకి తీసుకెళ్లి, కిటికీలు మూసి, ఫ్యాన్ పెద్దది చేసి, పక్కన కూర్చోవడమే. మూతి పట్టి మ్యాట్ మీదికి వంచే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి.

దీపావళికి అందుకే నేను మ్యాట్‌ని నమ్ముకోను. సాయంత్రం వెలుగుండగానే, ఇంకా ఒకటీ అరా పేలుతున్నప్పుడు ఇస్తాను. రాత్రి మోత మొదలయ్యాక దానితో పని లేదు. మీ కుక్క వణికిపోయి, చొంగ కార్చి, తలుపులు గీరే రకం అయితే డాక్టర్‌ని కలవండి. మన ఊళ్లో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది కదా. అలాంటి రాత్రులకి భయం తగ్గించే మందులున్నాయి, కానీ అవి మోత మొదలవకముందే పడాలి కాబట్టి పండక్కి చాలా ముందే వెళ్లి అడగాలి. మత్తుగా పడుకోబెట్టడం వేరు, భయం తగ్గించడం వేరు. ఆ సంగతి డాక్టర్‌ని గట్టిగానే అడగండి.

ఇంకొకటి. భయపెట్టే పనులప్పుడే మ్యాట్ తీస్తే కుక్క కనిపెట్టేస్తుంది. కొన్నాళ్లకి మ్యాట్ చూడగానే మావాడు బాత్రూమ్ తలుపు వైపు అనుమానంగా చూడడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఏమీ లేని రోజుల్లో కూడా, ఊరికే మధ్యాహ్నం పూట ఇస్తున్నాను. ఒంటరిగా వదిలి వెళ్లేటప్పుడు మాత్రం ఇవ్వను. తిండి అయిపోయాక వాడు మ్యాట్‌నే కొరకడానికి చూస్తాడు, ముక్క ఊడి కడుపులోకి పోతే పెద్ద తలనొప్పి.

ఏం పూయాలి అంటే, మన వంటింట్లో ఉన్నవే చాలు. చక్కెర వెయ్యని గట్టి పెరుగు, ఉడికించి మెదిపిన తియ్యగుమ్మడి, చిక్కటి రాగి అంబలి. వేయించి పొట్టు తీసిన చెనిక్కాయలు ఉప్పూ బెల్లం లేకుండా మిక్సీలో మెత్తగా తిప్పితే పీనట్ బటర్ ఇంట్లోనే తయారు. బయటి డబ్బా కొంటే జైలిటాల్ (చక్కెర బదులు తీపి కోసం వేసేది) ఉందేమో లేబుల్ చూడండి, అది కుక్కలకి విషం. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, పులుసులు వద్దు. పక్కింటి అవ్వ లడ్డూ తెచ్చినప్పుడల్లా "వానికీ ఒక పలుకు పెట్టమ్మా, సామి ప్రసాదం గదా" అంటుంది. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తుంది. అవ్వకి రెండుసార్లు చెప్పి చూశాను, ఇప్పుడు నవ్వి నేనే తినేస్తున్నాను.

ఊరికే పూసిస్తే ఐదు నిమిషాల్లో ఖాళీ. రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే ఇరవై నిమిషాల దాకా వస్తుంది, మన ఎండాకాలంలో అంతసేపు కూడా గట్టిగా ఉండదు. పూసిన తిండిని కూడా రోజు కొలతలోంచి తగ్గించండి, లేకపోతే నెల తిరిగేసరికి కుక్క గుండ్రంగా తయారవుతుంది.

కడగడమే విసుగు. తిన్న వెంటనే తియ్యకపోతే చీమలు బారులు కడతాయి. రాగి ఎండిందంటే గీకినా రాదు. సబ్బు వేసిన వేడినీళ్లలో నానేసి పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. మొదట కొన్న మ్యాట్ ముదురు నీలం, సందుల్లో మిగిలిన జిడ్డు కంటికి ఆనేది కాదు. దాని అంచుల మీద పళ్ల గాట్లు పడ్డాక పారేసి, ఈసారి లేత పసుపు రంగుది తీసుకున్నాను. గళ్లు కూడా కాస్త వెడల్పుగా ఉన్నది చూసుకున్నాను, బ్రష్ లోపలిదాకా పోతోంది.