లైనక్స్ ఎంమ్యాప్: ఖాళీ చోటు వెతికే పని కెర్నెల్‌కే వదిలేశాక

బెంగళూరు బెల్లందూరులో మా టీమ్ చేసేది ఒక స్టోరేజ్ ఇంజిన్. ఫైళ్లను, బఫర్లను ఎంమ్యాప్‌తో (ఫైల్‌నో, ఖాళీ మెమరీనో ప్రోగ్రాము అడ్రసుల్లోకి తెచ్చిపెట్టమని లైనక్స్‌ను అడిగే కాల్) తెచ్చుకోవడం, వాడి వదిలేయడం, రోజంతా అదే పని. అడ్రస్ స్పేస్‌లో, అంటే ప్రోగ్రాము వాడుకోగల మెమరీ అడ్రసుల మొత్తంలో, ఖాళీ చోటు వెతికిపెట్టే కెర్నెల్ కోడ్‌ను మేం వాడినంతగా మామూలు ప్రోగ్రాములు వాడవు. 5.15 కెర్నెల్ మీద కొన్నేళ్లు నడిపాం, తర్వాత 6.8, ఇప్పుడు 6.12. ఇన్నాళ్ల వాడకం మీద నా అభిప్రాయం ఇది: వెతకడంలో దానికి వంక పెట్టలేం. దొరికిన చోటులో సరిగ్గా ఎక్కడ పెడుతోందన్నది మాత్రం కన్నేసి ఉంచాలి.

వేగం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎక్స్86 64 బిట్ మెషీన్లో మామూలుగా ప్రోగ్రాముకు దక్కేది 128 టీబీ అడ్రస్ స్పేస్. స్టాక్‌కు కాస్త కిందనుంచి మొదలుపెట్టి, మనం అడిగిన సైజు పట్టే ఖాళీల్లో అన్నిటికన్నా పైనున్నదాన్ని కెర్నెల్ ఇస్తుంది. 2013లో వచ్చిన 3.8కి ముందు, కిందటిసారి ఆగిన చోటు గుర్తుపెట్టుకుని అక్కణ్నుంచి ఒక్కో మ్యాపింగూ (ఎంమ్యాప్‌తో తెచ్చుకున్న ముక్క) దాటుకుంటూ పోయేది. మిషెల్ లెస్పినాస్ రాసిన మార్పుతో, మ్యాపింగుల వివరాలు కెర్నెల్ దాచుకునే చెట్టు (ట్రీ)లో ప్రతి నోడూ తన కింద ఉన్న అతిపెద్ద ఖాళీ ఎంతో దాచుకోవడం మొదలైంది. అడిగిన సైజు పట్టని కొమ్మలోకి ఇక దిగాల్సిన పనే లేదు. 2022 డిసెంబరులో 6.1తో లియామ్ హౌలెట్, మాథ్యూ విల్కాక్స్‌ల మేపుల్ ట్రీ అనే కొత్త చెట్టు వచ్చింది. పద్ధతి అదే, కాకపోతే ఒక్కో లోపలి నోడుకు పది పిల్లల వరకు ఉంటాయి, దాంతో చెట్టు పొట్టిదైంది. సమయం ఎక్కడ పోతోందో చూపే మా ప్రొఫైళ్లలో ఈ వెతుకులాట ఏ కెర్నెల్ మీదా పైవరసలో కనిపించలేదు. పైన కనిపించేది లాక్. ఎంమ్యాప్ పిలిచిన ప్రతి థ్రెడ్డూ ప్రాసెస్ మొత్తానికీ ఉన్న ఒకే లాక్‌ను రాత కోసం పట్టుకోవాలి. 6.4లో వచ్చిన ఒక్కో మ్యాపింగుకు విడివిడి లాకులు పేజ్ ఫాల్టులకు (ఇంకా ర్యామ్‌లో లేని పేజీని ముట్టుకున్నప్పుడు కెర్నెల్ చేసే పని) మేలు చేశాయి గానీ ఎంమ్యాప్ క్యూ ఎక్కడిదక్కడే ఉంది.

అసలు కథ 6.8కి మారాక. ఒక టెస్ట్ సర్వర్లో ఎంమ్యాప్ ఫెయిలై మెమరీ లేదనే ఎర్రర్ ఇచ్చింది. మా టీమ్‌లో అనంతపురం కుర్రాడు స్క్రీన్ చూపిస్తూ "అన్నా, ర్యామ్ సగం ఖాళీగా ఉంది కదా, మెమరీ లేదంటాడేంటి?" అన్నాడు. "ప్రాక్‌లో మ్యాప్స్ ఫైల్ తెరిచి లైన్లు లెక్కపెట్టు" అన్నాను. ఆ ఫైల్లో ఒక్కో లైనూ ఒక మ్యాపింగ్. 65,530కి ఆనుకుని ఉన్నాయి. ఒక ప్రాసెస్‌కు అన్ని మ్యాపింగులే అన్నది డిఫాల్ట్ పరిమితి. అది దాటినా, ర్యామ్ అయిపోయినా వచ్చేది ఒకటే ఎర్రర్. ఈ ఒక్క విషయానికి నేను మార్కులు తీసేస్తాను. ఎన్ని గంటలు ర్యామ్ గ్రాఫులు చూస్తూ కూర్చోబెడుతుందో!

అదే లోడు, అదే బైనరీ, 5.15 మీద ఇందులో కొద్ది భాగమే ఉండేవి. ఎందుకంటే మేం వరసగా అడిగే 3 ఎంబీ బఫర్లు అప్పట్లో ఒకదాని కింద ఒకటి అతుక్కుని కూర్చునేవి. పర్మిషన్లు ఒకటే కాబట్టి కెర్నెల్ వాటిని కలిపేసి ఒకే లైనుగా చూపించేది. కొత్త మ్యాప్స్ ఫైల్లో ప్రతి బఫరూ విడి లైనే. మొదలయ్యే అడ్రసులన్నిటికీ చివర ఐదేసి సున్నాలు. ఒక లైను ముగిసిన చోటికీ తర్వాతి లైను మొదలైన చోటికీ మధ్య 1 ఎంబీ ఖాళీ.

ఆ సున్నాలు చూశాక విషయం అర్థమైంది. 2 ఎంబీ, అంతకు మించిన అనానిమస్ (ఏ ఫైలుతోనూ సంబంధం లేని) మ్యాపింగులను 2 ఎంబీ హద్దు మీదే మొదలుపెట్టే మార్పు 6.8లో ఉంది. హ్యూజ్ పేజీలు (మామూలు చిన్న పేజీలకు బదులు 2 ఎంబీ పేజీలు) సులువుగా దొరకాలని చేసిన పని, ఉద్దేశం మంచిదే. కానీ 3 ఎంబీ బఫర్‌కు ఇది సెల్లార్‌లో బైకుకు కారు స్లాట్ ఇచ్చినట్టు: మిగిలిన చోటు ఉత్తినే పోతుంది, పక్కపక్కవి కలవవు. 128 టీబీలో 1 ఎంబీ పోతే ఎవరికీ బాధ లేదు. కలవకపోవడమే బాధ. మా సెగ్మెంట్ ఫైళ్ల మ్యాపింగులు ముందే వేలల్లో ఉన్నాయి, వాటికి ఇవి తోడయ్యాయి.

పరిమితి పెంచేయొచ్చు, ఎలాస్టిక్‌సెర్చ్ లాంటివి కనీసం 2,62,144 ఉండాలని ఎప్పటినుంచో అడుగుతున్నాయి. మాకు కస్టమర్ సర్వర్లో ఆ సెట్టింగ్ ముట్టుకునే వీలు అన్నిచోట్లా లేదు. అందుకని బఫర్ సైజును 4 ఎంబీకి రౌండ్ చేశాం. హద్దుకు సరిపోయే సైజు కాబట్టి మళ్లీ అతుక్కున్నాయి, లైన్ల సంఖ్య బాగా పడిపోయింది. ముట్టుకోని పేజీకి ర్యామ్ ఖర్చు లేదంటారు గానీ, హ్యూజ్ పేజీలు ఎప్పుడూ ఆన్‌లో ఉండే సర్వర్లలో చివరి ముక్క ముట్టుకోగానే 2 ఎంబీ మొత్తం వచ్చి పడుతుంది. అక్కడ ర్యామ్ వాడకం కాస్త పెరిగింది, దాన్ని భరిస్తున్నాం.

కెర్నెల్ మీద నమ్మకం లేక సొంతంగా చోటు వెతుక్కునేవాళ్లకు ఒక మాట. మా కోడ్‌లో పాతకాలపు భాగం ఒకటి మ్యాప్స్ ఫైల్ చదివి, ఖాళీ చూసుకుని, మ్యాప్ ఫిక్స్‌డ్ ఫ్లాగ్‌తో అక్కడే కూర్చునేది. చదవడానికీ కూర్చోవడానికీ మధ్య ఇంకో థ్రెడ్ అక్కడ మ్యాప్ చేసిందా, అంతే సంగతులు. ఆ ఫ్లాగ్ పాతదాన్ని అడగా పెట్టకుండా తీసేసి దాని చోట్లో కూర్చుంటుంది. క్రాష్ వచ్చేది ఎక్కడో, ఎప్పుడో. కచ్చితంగా ఫలానా అడ్రసే కావాలంటే 4.17 నుంచి ఉన్న మ్యాప్ ఫిక్స్‌డ్ నోరీప్లేస్ ఫ్లాగ్ వాడండి, అక్కడ ఎవరైనా ఉంటే ఎర్రర్ ఇస్తుంది. అంతకన్నా పాత కెర్నెల్ దాన్ని పట్టించుకోదు, అడ్రస్‌ను సలహాగానే తీసుకుంటుంది, కాబట్టి తిరిగొచ్చిన అడ్రస్ మనం అడిగిందేనా అని పోల్చి చూడాలి. పక్కపక్కనే ఉండాలన్నదే అవసరమైతే, మొదట్లోనే ఒక పెద్ద ప్రాంతం ఏ పర్మిషనూ లేకుండా రిజర్వ్ చేసుకుని అందులోనే పంచుకోవడం మేలు. అప్పుడు లోపలి ఖాళీల లెక్క మీదే, ఇంకెవరూ వేలు పెట్టరు.

హద్దు నియమం 2 ఎంబీ గుణిజాలకే వర్తించేలా 6.12లో సరిచేశారు. మా 3 ఎంబీ బఫర్లు అక్కడ రౌండింగ్ లేకుండానే మళ్లీ అతుక్కుంటున్నాయి. రౌండింగ్ కోడ్ మాత్రం తీయలేదు, మా కస్టమర్లు చాలామంది ఇంకా 6.8 మీదే ఉన్నారు.