ఇంట్లో కట్టుకునే మూస గ్యాస్ కట్టర్: విజయనగరం షెడ్డులో ఎంతవరకు నమ్మొచ్చు

ట్రాక్టర్ ట్రాలీ హుక్కు పలకలు, రైస్ మిల్లు బ్రాకెట్లు, పలాస జీడి యూనిట్ల ఫ్లాంజ్‌లు, గేటు పువ్వులు. విజయనగరం, శ్రీకాకుళం వైపు చిన్న షెడ్లకి ఇలాంటి పనులే ఎక్కువ. ఒకే ఆకారం ముప్పై కోయమంటే చేతి గ్యాస్ కోత టార్చితో ఏ రెండూ ఒకలా రావు. పలచటి రేకైతే విశాఖ పంపి లేజర్ మీద కోయించుకోవచ్చు. 6 నుంచి 25 ఎంఎం మైల్డ్ స్టీలు పలకకి మాత్రం మూస (కావలసిన ఆకారానికి నమూనాగా చేసిన ఇనప పలక) వెంట నడిచే గ్యాస్ కట్టర్ షెడ్డులో ఉంటేనే సుఖం. బజారులో సీజీ2-150 పేరుతో దొరికే యంత్రం ఇదే పని చేస్తుంది. దాని పద్ధతిలో సొంతంగా కట్టుకునేదాని మంచీ చెడూ ఇవి.

రెండు మడతల చెయ్యి, చివర పైన అయస్కాంత రోలరు, సరిగ్గా దాని కిందే టార్చి. మోటారు రోలరుని తిప్పుతుంటే అయస్కాంతం దాన్ని ఇనప మూస అంచుకి అంటిపెట్టి ఉంచుతుంది. రోలరు అంచు పట్టుకుని పాకినంత మేరా కింద నాజిల్ పలకని కోస్తూ పోతుంది.

పనితనమంతా కీళ్లలోనే ఉంది. ఒక్కో కీలుకి 6204 బేరింగులు రెండేసి, మధ్య 60 ఎంఎం ఎడంతో పెట్టాలి. అక్కడ పదో వంతు ఎంఎం వదులున్నా 400 ఎంఎం చెయ్యి చివర అది దాదాపు 0.7 ఎంఎం ఊగుతుంది, కోత అంచు పళ్లు పళ్లుగా వస్తుంది. పాత బేరింగులు వేసి మిగుల్చుకునే డబ్బు ఇక్కడ దండగ. బేరింగు ఇళ్లు వెల్డింగు చేశాక వంకరపోతాయి కాబట్టి వెల్డింగు ముందు చేసి, బోరు (బేరింగు కూర్చునే రంధ్రం) తర్వాత లేత్ మీద తీయించాలి.

మోటారు విషయంలో చాలామంది పాత వైపర్ మోటారు దగ్గర ఆగిపోతారు. 10 ఎంఎం రోలరు చుట్టుకొలత 31.4 ఎంఎం. 10 ఎంఎం పలకని నిమిషానికి సుమారు 450 ఎంఎం వేగంతో కోయాలంటే రోలరు 14 చుట్లు తిరిగితే చాలు. వైపర్ మోటారు తక్కువ స్పీడులోనే 40 చుట్ల పైన తిరుగుతుంది. దాన్ని మూడో వంతుకి తగ్గిస్తే బలం పోయి మూల దగ్గర ఆగుతుంది, ఆగినచోట పలక కరిగి గుంట పడుతుంది. 30 చుట్ల 12 వోల్టుల గేరు మోటారు తీసుకోండి. రోలరుకి సన్నటి నర్లింగు (పట్టు కోసం గరుకు గీతలు) కావాలి, స్పిండిల్ (రోలరు ఇరుసు) బుష్ ఇత్తడిదే కావాలి. ఇనప బుష్ వేస్తే అయస్కాంత బలం చెయ్యిలోకి పారిపోతుంది. నియోడిమియం రింగు వాడేవాళ్లు టార్చి వేడికి అడ్డంగా రేకు కట్టాలి, మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం తగ్గిపోతుంది.

ఎక్కువ పలకలు పాడయ్యేది మూస కొలత దగ్గరే. రోలరు 10, కోత వెడల్పు 2 ఎంఎం అనుకుందాం. 120 ఎంఎం పలక కావాలంటే బయటి అంచు మీద నడిచే మూస 112 ఉండాలి. మూసనే 120కి కోస్తే పలక 128 వస్తుంది. 60 ఎంఎం రంధ్రానికైతే మూసలో రంధ్రం 68. మూస బయటి మూల ఎంత పదునుగా ఉన్నా పలకకి 4 ఎంఎం గుండ్రం తప్పదు. లోపలి మూలకి 6 ఎంఎం గుండ్రం ఇవ్వకపోతే రోలరు రెండు వైపులా తగిలి జారుతుంది. మూసకి 5 లేదా 6 ఎంఎం పలక వాడి, అంచుని ఆకురాయితో నున్నగా రుద్దాలి. అక్కడ వేలికి తగిలే ప్రతి గంటూ కోసిన పలక మీద కనిపిస్తుంది.

కోత కుదరకపోతే పలక అంచు మీద గీతలు చూడండి. నిటారుగా ఉంటే వేగం సరిపోయింది. బాగా వెనక్కి వంగితే వేగం ఎక్కువైంది. పై అంచు కరిగి గుండ్రమైతే వేగం తక్కువో, వేడి మంట ఎక్కువో. కోత మధ్యలో దారి తప్పుతుంటే చాలాసార్లు కారణం గొట్టాల బరువే. వాటిని పైనుంచి వేలాడదీస్తే చెయ్యి తేలిగ్గా కదులుతుంది. రోలరు నర్లింగులో చిట్టెం పొడి అతుక్కున్నా ఎగురుతూ నడుస్తుంది, నాలుగైదు పలకలకోసారి వైరు బ్రష్షు కొట్టాలి.

గ్యాస్ టార్చి బదులు 40 ఆంపియర్ల ప్లాస్మా (కరెంటు ఆర్క్, కంప్రెసర్ గాలితో కోసేది) బిగించొచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలు గ్యాస్‌తో తెగదు కాబట్టి దానికి ఇదే దారి. అయితే ఇంట్లో 16 ఆంపియర్ల ప్లగ్గు దాని లోడు మోయలేదు, విడి లైను కావాలి. హై ఫ్రీక్వెన్సీతో అంటుకునే రకం మోటారు స్పీడు కంట్రోలర్‌ని కాల్చేయగలదు, గాలి ఒత్తిడితో ఆర్క్ అంటుకునే పైలట్ ఆర్క్ బ్లోబ్యాక్ రకం చూసి కొనాలి. మన సముద్రపు గాలి చెమ్మకి కంప్రెసర్ దగ్గర నీటి ఫిల్టరు లేకుంటే నాజిళ్లు వరసగా పోతాయి.

ఆకారం మాటిమాటికీ మారే షెడ్డుకి ఇది పనికిరాదు, మూస చేసే సమయంలోనే చేత్తో కోసేయొచ్చు. ఒకే ఆకారం ఇరవై దాటితే కష్టానికి ఫలితం వస్తుంది. గ్యాస్‌కి వాణిజ్య 19 కిలోల ఎల్‌పీజీ సిలిండరే పెట్టండి. గ్యాస్, ఆక్సిజన్ రెండు గొట్టాలకీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు (మంట వెనక్కి పాకకుండా ఆపేవి) ఉండాలి. కీళ్లకి గ్రీజు పెట్టిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఆక్సిజన్ రెగ్యులేటర్ ముట్టుకోండి, ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కి జిడ్డు తగిలితే నిప్పు లేకుండానే అంటుకుంటుంది.