పప్పన్నం కలిపే చేతికి ఏ రంగు నిలుస్తుంది? నెయిల్ పాలిష్ షేడ్‌ల మీద వాడకం సమీక్ష

వేసిన గంటకి ఏ నెయిల్ పాలిష్ అయినా బాగానే ఉంటుంది. మూడో రోజు సాయంత్రం, అంట్లు తోమి, చింతపండు పిసికి, ఆవకాయ అన్నం కలిపాక ఆ కుడిచెయ్యి ఎలా ఉందన్నదే అసలు సంగతి. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో దొరికే మామూలు పాలిష్‌లను చాలాకాలం వాడి, రంగుల వారీగా రాస్తున్న సమీక్ష ఇది. పార్లర్‌లో ల్యాంపు కింద పెట్టే జెల్ పాలిష్ వేరే కథ, దాని జోలికి పోవడం లేదు. కంపెనీ పేర్లూ రాయడం లేదు. ఎందుకంటే ఒకే కంపెనీ మెరూన్ వారం దాకా ఉంటే, అదే కంపెనీ తెలుపు రెండో పూటకే పాడవుతుంది. పాలిష్ ఎన్నాళ్లుంటుందన్నది రంగూ, అందులోని మెరుపు తరహా తేలుస్తాయి తప్ప సీసా మీది పేరు కాదు.

ముందు ఎరుపు. అందరి దగ్గరా ఉండేది, అందరినీ ఇబ్బంది పెట్టేది కూడా ఇదే. రెండు పల్చటి కోట్లకే గోరు పూర్తిగా కప్పేస్తుంది, గీతలు పడవు, చెయ్యి తిరగనివాళ్లు వేసుకున్నా నీటుగానే వస్తుంది. చామనఛాయ చేతికి ఇటుక ఎరుపు బాగా అతుకుతుంది. గులాబీ వైపు వాలే ఎరుపు పచ్చని మేనిఛాయవాళ్లకే నప్పుతుందని నా అభిప్రాయం. చిక్కల్లా తీసేశాక మొదలవుతుంది. ఎర్ర పాలిష్‌లోని రంగు కొంత ద్రావకంలో కరిగి గోరు పైపొరలోకి దిగుతుంది, తీసి చూస్తే గోళ్లు పసుపుపచ్చగా ఉంటాయి. నిమ్మచెక్కతో రుద్దితే పోతుందంటారు గానీ, రుద్దుడుకి గోరు పొడిబారడమే మిగులుతుంది. ఆ మరక గోరుతో పాటు పెరిగి చివరికి కత్తిరింపులో పోవాల్సిందే. చేతిగోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి మొత్తం మారడానికి ఆరు నెలలు పడుతుంది. అందుకే ఎరుపు కింద బేస్ కోటు, అంటే రంగుకి ముందు వేసే అడుగుపూత, తప్పనిసరి. అది లేకపోతే రంగులేని పాలిష్ ఒక కోటు వేసి, పూర్తిగా ఆరాక ఎరుపు వెయ్యండి. అంత పక్కాగా ఆపదు గానీ చాలావరకు నయం.

ఎరుపుకి ఇంకో లోపం, కొస అరుగుదల దాగదు. పీచుతో రెండుసార్లు సామాన్లు తోమితే చాలు, గోరు చివర సన్నటి తెల్లగీత కనిపిస్తుంది. అప్పుడు గోరు మొత్తానికి ఇంకో కోటు వేస్తే మందమై, పెచ్చుగా ఊడుతుంది. కొస మీద మాత్రమే బ్రష్‌తో ఒక గీత గీసి, ఆరాక మొత్తం మీద పల్చగా టాప్ కోటు (రంగు మీద వేసే రంగులేని పైపూత) వేస్తే మరో రెండు రోజులు లాగుతుంది.

మెరూన్, నేరేడుపండు రంగు, చింతపిక్క రంగు మూడూ ఒక కుటుంబం. పండక్కి నా ఓటు వీటికే. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి జాతరలో సిరిమాను చూడ్డానికి జనంలో తిరిగే రోజు పట్టుచీర ఏ రంగుదైనా సరిపోతాయి, దుమ్ము కనిపించదు, పులిహోర పసుపు అంటినా తెలియదు. కొనేటప్పుడు మాత్రం సీసా చూసి నిర్ణయించకండి. ముదురు రంగులన్నీ సీసాలో నల్లగానే ఉంటాయి. షాపులో టెస్టర్ ఉంటే తెల్లకాగితం మీద ఒక పల్చటి గీత, దాని పక్కనే రెండు సార్లు పూసిన గీత వేసి, ట్యూబులైటు కింద కాకుండా గుమ్మం దగ్గరికి తెచ్చి చూడండి. ఒక గీతకి గోధుమ, రెండు గీతలకి వంకాయ రంగు కనిపించే సీసాలు చాలా ఉన్నాయి.

ముదురు రంగు తియ్యడం ఒక పని. దూది రిమూవర్‌లో ముంచి గుండ్రంగా రుద్దితే రంగంతా గోటి చుట్టూ చర్మంలోకి వెళ్లి, వేళ్లు బీట్‌రూట్ తరిగినట్టు తయారవుతాయి. ముందు గోటి చుట్టూ చర్మానికి వ్యాజిలిన్ రాయండి, గోటికి తగలకుండా. తడిపిన దూది గోరు మీద పది సెకన్లు అదిమి ఉంచి, మొదలు నుంచి కొస వైపు ఒక్క లాగుడు లాగండి. ఒక్కో గోటికి కొత్త దూది. ఎసిటోన్ ఉన్న రిమూవర్ త్వరగా పని చేస్తుంది, గోరు పొడిబారుతుంది. ఎసిటోన్ లేనిది నిదానంగా చేస్తుంది. ముదురు రంగులకీ గ్లిట్టర్‌కీ మొదటిది, లేతరంగులకి రెండోది వాడితే సరిపోతుంది. రెండు రిమూవర్లకీ మంట ఇట్టే అంటుకుంటుంది. గ్యాస్ స్టవ్ దగ్గర, దీపం పక్కన, దోమలచక్రం వెలుగుతున్న గదిలో ఈ పని పెట్టుకోకండి. చేతికి ప్లాస్టిక్ గాజులుంటే తీసెయ్యండి, ఎసిటోన్ చుక్క పడితే కొన్ని రకాల ప్లాస్టిక్ మెరుపు పోయి జిగురుగా అవుతుంది. గాజు గాజులకి ఏమీ కాదు.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న గోళ్ల సంగతి విడిగా చెప్పాలి. గోరింటాకు ఎరుపు రిమూవర్‌కి లొంగదు, అది గోటిలోకి పట్టేసిన రంగు. దాని మీద పల్చటి గులాబీ, ఉల్లిపొర రంగు వేస్తే సీసాలో రంగు రాదు, నారింజ కలిసిపోతుంది. కనకాంబరం రంగు మాత్రం గోరింటాకు మీద ఇంకా నిండుగా వస్తుంది, ఒక్క కోటు చాలు. మెరూన్‌కీ ఇబ్బంది లేదు. గోళ్లకి గోరింటాకు అంటకుండా వేళ్లకి మాత్రమే పండాలంటే ముందు రోజే రంగులేని పాలిష్ రెండు కోట్లు, కొస అంచుతో సహా వేసుకోవాలి. గోళ్లు కూడా పండాలంటే పాలిష్ ముక్క కూడా మిగలకుండా తీసి, సబ్బుతో కడిగి, నూనె తగలకుండా పెట్టుకోవాలి.

ఇక తెలుపు. తెలుపుతో పాటు మీగడ రంగు, లేత ఊదా, లేత నీలం, అంటే సున్నం కలిపినట్టుండే రంగులన్నీ. ఫొటోల్లో ఇవే అందరికీ నచ్చుతాయి, మన భోజనంలో ముందు పోయేవీ ఇవే. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. అందుకని ఉత్త పప్పు అన్నం కన్నా పోపు నూనె తేలే పులిహోర, ఆవకాయ, చేపల పులుసు ఎక్కువ పాడు చేస్తాయి. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఈ మూడింటి కొసలే ముందు పచ్చబడతాయి. భోజనం కాగానే బట్టలసబ్బుతో కడిగి చూడండి, ఆ మరక ఒక్క క్షణం ఎర్రబారుతుంది, నీళ్లు పోస్తే మళ్లీ పసుపుకి వస్తుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడే సంగతే ఇది, సబ్బులోని క్షారం వల్ల. రంగు మారిందని మరక పోయినట్టు కాదు. ఎండ తగిలితే కొంత వెలుస్తుంది, ఆదివారం మేడమీద బట్టలు ఆరేసేసరికి తేడా కనిపిస్తుంది కూడా. పూర్తిగా మాత్రం పోదు.

తెల్లరంగు మీద టాప్ కోటు ఉంటే మరక ఆ పైపొరలోనే ఎక్కువ ఆగుతుంది. రోజు విడిచి రోజు పల్చటి టాప్ కోటు వేస్తే కొంత కాపాడుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే తెలుపుని ఎడమచేతికీ కాలిగోళ్లకీ పరిమితం చెయ్యండి, కాలికి చాలా బాగుంటుంది. ఇంకో సంగతి, ఈ సున్నపు రంగుల్లో తెల్లపొడి ఎక్కువ కాబట్టి చిక్కగా, చారలు చారలుగా వస్తాయి. మొదటి కోటు చూసి కంగారుపడి వెంటనే దాని మీద రుద్దకండి, రుద్దితే కింద పొర లేచిపోతుంది. మొదటిది చారలుగానే వదిలేసి, ఐదు నిమిషాలు ఆగి, రెండోది కొంచెం నిండు బ్రష్‌తో వేస్తే సర్దుకుంటుంది. లేత పసుపు రంగుకి మూడు కోట్లు లేనిదే కుదరదు, కాకపోతే భోజనం మరక కనిపించని లేతరంగు అదొక్కటే.

రోజూ వేసుకునేదేదంటే, నా మటుకు ఉల్లిపొర రంగులో సన్నటి మెరుపు ఉన్న షేడ్. కొస అరిగినా గోటి రంగుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి తెలియదు, మెరుపు వల్ల చిన్న పెచ్చు ఊడినా కన్ను అక్కడికి పోదు. పసుపు అంటినా ఆ మెరుపులో కొంత కలిసిపోతుంది. ఆఫీసుకి పనికొస్తుంది, స్కూల్లో టీచర్లకీ అభ్యంతరం ఉండదు. ఊడిన చోట అదే రంగు ఒక చుక్క పెడితే అతుకు కనపడదు, ఎరుపుతో ఈ పని సాధ్యం కాదు. కొనేటప్పుడు మెరుపు పొడిలా మెత్తగా ఉన్నది తీసుకోండి. మెరుపు లేని న్యూడ్ షేడ్‌లు, అంటే ఒంటి రంగుకి దగ్గరగా ఉండేవి మాత్రం చేతి రంగు కన్నా ఒక పిసరు ముదురుగా ఉండాలి, లేతగా ఉంటే చామనఛాయ వేళ్ల మీద గోళ్లు పాలిపోయినట్టు కనిపిస్తాయి.

రాణి రంగు బాగానే ఉంటుంది, ఎరుపుకి చెప్పిందే దీనికీ. నియాన్ రంగులు మాత్రం డబ్బు దండగ. సొంతంగా కప్పే శక్తి లేదు, కింద తెలుపు ఒక కోటు వేస్తే గానీ వెలగవు, ఎండకి త్వరగా వెలిసిపోతాయి. నెమలికంఠం రంగు, ముదురు నీలం చీరలకి గొప్పగా ఉంటాయి, ఎరుపులాగే మరక పెడతాయి. ఆపరేషన్‌కి, కాన్పుకి వెళ్లేముందు ఏ రంగైనా తీసేసి వెళ్లాలి. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరానికి నలుపు, నీలం, ఆకుపచ్చ అడ్డొచ్చి లెక్క తేడా చూపించే అవకాశం ఉంది.

మ్యాట్ పాలిష్ మన ఇళ్లకి కాదు. దాని అందమంతా మెరుపు లేకపోవడమే కదా, ఒక్క పూట నూనె చేత్తో అన్నం కలిపితే మూడు గోళ్లు మెరుస్తాయి, రెండు మెరవవు. పైన టాప్ కోటు వేస్తే మ్యాట్ అన్న మాటే పోతుంది. లోహపు మెరుపు ఉన్న రాగి, బంగారు రంగుల్లో గోటి మీది గాట్లు, బ్రష్ గీతలు అన్నీ తేలతాయి, గీత మొదలు నుంచి కొసకి ఒకే దిక్కున వెయ్యాలి, వెనక్కి రాకూడదు. గ్లిట్టర్ అన్నింటికన్నా ఎక్కువ రోజులుంటుంది, అదే దాని బాధ కూడా. తియ్యాలంటే ఎసిటోన్ దూది గోరు మీద పెట్టి, వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి పది నిమిషాలు ఉంచాలి. గోకి తీస్తే గోటి పైపొర కూడా దానితో వస్తుంది.

ఏ రంగైనా వేసే పద్ధతి తప్పితే రెండో రోజే పెచ్చు లేస్తుంది. స్నానం చేసిన వెంటనే వెయ్యకూడదు. గోరు నీళ్లు పీల్చి ఉబ్బి, తర్వాత ముడుచుకుంటుంది, పైన ఆరిన పాలిష్ దానితో పాటు కదల్లేక విడిపోతుంది. కనీసం గంట ఆగండి. తలనూనె జిడ్డు పోవడానికి గోళ్లని రిమూవర్ దూదితో ఒకసారి తుడవండి, పాలిష్ లేకపోయినా. సీసాని ఊపకండి, బుడగలు పడతాయి. రెండు అరచేతుల మధ్య పెట్టి అర నిమిషం దొర్లించండి. బ్రష్‌కి ఒక వైపు సీసా మూతికి రాసి తుడిచేసి, రెండో వైపు ఉన్న చుక్కతో నడిమధ్య ఒక గీత, అటూ ఇటూ ఒక్కో గీత. చర్మానికీ పాలిష్‌కీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ వదలాలి, చర్మానికి అంటిన చోటు నుంచే ఊడడం మొదలవుతుంది. చివరగా గోటి కొస అంచుకి కూడా రంగు తగిలించాలి. కోటుకీ కోటుకీ మధ్య మూడు నుంచి ఐదు నిమిషాలు.

ఆరడం దగ్గర మన వాతావరణం అడ్డం పడుతుంది. మే నెల మధ్యాహ్నం ఫుల్ స్పీడు ఫ్యాను కింద వేస్తే పైపొర గట్టిపడి కింద పచ్చిగా ఉంటుంది, లోపలి ద్రావకం బయటికి తన్నుకొస్తూ సూదిమొన అంత బుడగలు తెస్తుంది. పొద్దున్నే గానీ చీకటిపడ్డాక గానీ, ఫ్యాను తగ్గించి వెయ్యండి. వానాకాలంలో వేరే ఇబ్బంది. ద్రావకం ఆవిరవుతూ గోటి మీద చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ పట్టి పాలిష్ మీద తెల్లటి మసక వస్తుంది. ముదురు రంగుల మీద ఇది బాగా కనిపిస్తుంది. పల్చటి టాప్ కోటు ఒకటి వేస్తే తరచు పోతుంది, పోకపోతే తీసి మళ్లీ వెయ్యడమే. పది, పదిహేను నిమిషాలకి తాకితే అంటదు గానీ లోపల గట్టిపడటానికి గంటలు పడుతుంది. పడుకునే ముందు వేస్తే తెల్లారేసరికి దుప్పటి నేత అచ్చు దిగుతుంది. వేసిన నాలుగైదు గంటల్లో వేడినీళ్ల పని, రొయ్యలు వలవడం, వెల్లుల్లి పొట్టు తియ్యడం పెట్టుకోకండి.

సీసా కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు చూడండి. షాపు ముందు అద్దాలపెట్టెలో ఎండ తగిలే వరుసలోది కాకుండా లోపలి అరలోది అడగండి, ఎండకి రంగు వెలిసి, పాలిష్ చిక్కబడి ఉంటుంది. ఇంట్లో చిక్కబడితే రిమూవర్ పొయ్యకండి. ఎసిటోన్ ఆ పూటకి పల్చన చేసినట్టే ఉంటుంది, తర్వాత పాలిష్ ముద్దలు కట్టి, గోరు మీద మెరుపు పోతుంది. ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ ఉన్న నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి, దొర్లించి, పది నిమిషాలు వదిలి, చాలకపోతే ఇంకో చుక్క. సీసా మూతి చుట్టూ ఎండిన పాలిష్‌ని వాడిన ప్రతిసారీ రిమూవర్ దూదితో తుడిచి మూత పెట్టండి. అది పేరుకుంటే మూత సరిగ్గా బిగియదు, ద్రావకం ఆవిరైపోయి సగం సీసా గట్టిపడుతుంది.