మద్రాసు ప్రెసిడెన్సీ వీలునామాలు: ఏళ్ల తరబడి వాడాక మా మాట

విశాఖపట్నం, మచిలీపట్నం, ఇంజరం, గంజాం వైపు స్థిరపడిన ఇంగ్లీషు కుటుంబాల వంశవృక్షం కట్టాలంటే లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు దస్త్రాలను, అంటే ఈస్టిండియా కంపెనీ, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వాల కాగితాలను మించిన ఆధారం లేదు. అందులో రెండు వరసలు ముఖ్యం. ఎల్/ఏజీ/34/29 అనే వరసలో వీలునామాలు, ప్రొబేట్లు (మనిషి పోయాక ఆ వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణలు) ఉంటాయి. ఎల్/ఏజీ/34/27లో చనిపోయినవారి సామాను జాబితాలు, ఆస్తి లెక్కలు ఉంటాయి. చాలామంది మొదటిది చదివి ఆగిపోతారు. కుటుంబం అసలు బయటపడేది రెండోదానిలో.

పని మొదలుపెట్టాల్సింది మాత్రం ఎన్/2 అనే మరో వరసతో. అవి మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు. ఖననం తేదీ దొరికితే ఆ తర్వాతి కనీసం మూడేళ్ల వీలునామాల్లో వెతకండి. దొరక్కపోయినా వదిలేయకండి. పాదిరీ లేని ఊళ్లలో ఖననపు ప్రార్థన ఏ సైనికాధికారో చదివేసేవాడు. కబురు మద్రాసుకు ఆలస్యంగా చేరేది, ఒక్కోసారి చేరేదే కాదు. అలాంటప్పుడు ఆ మనిషి పోయాడనడానికి ప్రొబేట్ ఒక్కటే సాక్ష్యం. అయితే ప్రొబేట్ తేదీని చావు తేదీగా రాసేయడం పెద్ద తప్పు. వీలునామా రాసిన రోజుకీ ప్రొబేట్ రోజుకీ మధ్య ఎప్పుడో పోయాడని మాత్రమే అది చెబుతుంది.

ప్రొబేట్ ఇచ్చే మద్రాసు కోర్టు పేరు కాలాన్ని బట్టి మారుతుంది. 1726 చార్టరుతో వచ్చిన మేయర్స్ కోర్టు, 1798లో రికార్డర్స్ కోర్టు, 1801లో సుప్రీం కోర్టు, 1862 నుంచి హైకోర్టు. ఏ ఏటి కాగితం ఏ కోర్టుదో తెలియకపోతే ఉన్న కాగితం కూడా లేనట్టే కనిపిస్తుంది. మనిషికి ఇంగ్లండులో కూడా ఆస్తి ఉంటే అదే వీలునామాను అక్కడి చర్చి కోర్టయిన కాంటర్బరీ ప్రిరాగెటివ్ కోర్టులోనూ ప్రొబేట్ చేయించేవారు. ఆ నకలు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాబ్ 11 వరసలో, 1858 జనవరి దాకా ఉంటుంది. రెండూ దొరికితే రెండూ చదవండి. లండన్ గుమాస్తా మన ఊళ్ల పేర్లను, దుబాసీల (ఇంగ్లీషువాళ్ల దగ్గర పనిచేసిన దుభాషీల) పేర్లను గుర్తుపట్టలేనంతగా మార్చేస్తాడు. మద్రాసు నకలు ఆ విషయంలో కొంత నయం.

ఊరి పేరుతో వెతికేటప్పుడు వైజాగపటం, మసులిపటం, బిమ్లిపటం అన్న పాత రూపాలే వాడాలి. మాధవాయిపాలెం మాడపోలం అయి కూర్చుంటుంది. చందా కట్టి చూసే వంశవృక్షాల సైట్ల సూచికల్లో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు ఐ, జె ఒకదానికొకటి మారిపోతాయి, ఎల్, ఎస్ కూడా అంతే. ఇంటిపేరు దొరకలేదంటే మొదటి అక్షరం మార్చి చూడండి. ఫిబిస్ (ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ) సంస్థ సూచిక ఉచితం కనుక ముందు అక్కడ చూసి, ఆ తర్వాతే డబ్బు పెట్టడం మంచిది.

ఇక చుట్టరికపు మాటలు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పాత ఇంగ్లీషులో ‘సన్-ఇన్-లా’ అంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి పెళ్లి కొడుకూ కావచ్చు. ‘నౌ వైఫ్’ (ఇప్పటి భార్య) అని కనిపించగానే రెండో పెళ్లి అనుకోకండి, అది వకీళ్ల రాత పద్ధతి. ఒక బిడ్డకు ఒక్క షిల్లింగే రాశాడంటే కోపమనే అర్థం కాదు, వాటా ముందే ఇచ్చేసి ఉండవచ్చు. 18వ శతాబ్దం చివరికి ‘నేచురల్ చైల్డ్’ అంటే చర్చి పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డ. హైదరాబాదు రెసిడెంటు, అంటే నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1805లో పోయాడు. ఆయన తన వీలునామాలో ఖైరున్నీసా బేగాన్ని ‘నా ఇద్దరు నేచురల్ పిల్లల తల్లి’ అని పేరుపెట్టి రాశాడు. ఆమెకు జాగీర్లు ఉన్నాయి కాబట్టి వేరే ఏర్పాటు అవసరం లేదంటూనే, ప్రేమకు గుర్తుగా పదివేల హైదరాబాదు రూపాయలు ఇచ్చాడు. ఇలా తల్లి పేరు రాసినవాళ్లు తక్కువ. ఎక్కువచోట్ల ‘ఒక నేటివ్ స్త్రీ’ అనో ‘హౌస్‌కీపర్’ అనో ఉంటుంది. ఆ చోట మనసు కలుక్కుమంటుంది. మన ఊరి ఆడమనిషి, పిల్లల్ని కని పెంచిన మనిషి, పేరు కూడా లేకుండా మిగిలిపోయింది.

అందుకే 34/27 వదలకూడదు అంటున్నాం. మనిషి పోయాక సామాను వేలం వేసేవారు. ఏ వస్తువు ఎవరు ఎంతకు కొన్నారో చాలా జాబితాల్లో ఉంటుంది. ఆ కొన్నవాళ్లలో బంధువులు, స్నేహితులు, వ్యాపార భాగస్వాములు కనిపిస్తారు. నౌకర్లకు బాకీ ఉన్న జీతాల దగ్గర వీలునామాలో లేని పేర్లు దొరకవచ్చు. లెక్క చివర్లో ఇంగ్లండుకు హుండీ (డబ్బు చెల్లించమని రాసే పత్రం) పంపి ఉంటే అది ఎవరి పేరున వెళ్లిందో చూడండి. అది తరచు తల్లిదో చెల్లెలిదో అవుతుంది. అక్కణ్ణుంచి కుటుంబం సొంత ఊరు పట్టుకోవచ్చు.

లెక్కలు కూడేటప్పుడు జాగ్రత్త. మూడు గడులు ఉంటాయి: స్టార్ పగోడాలు, అంటే మన వరహాలు, ఆ పక్కన ఫణాలు, చివర కాసులు. కంపెనీ లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. పదుల్లో కూడితే లెక్క కుదరదు. 1818లో వెండి రూపాయి వచ్చినప్పుడు 100 వరహాలకు 350 రూపాయలు కట్టారు.

1752కు ముందు కాగితాల్లో ఇంకో చిక్కు ఉంది. అప్పట్లో ఇంగ్లీషువాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ‘1749 ఫిబ్రవరి 10’ అని ఉంటే మన లెక్కకు అది 1750. ఇది మరిస్తే తండ్రి పోయిన ఏడాదికి కొడుకు పుట్టినట్టు వస్తుంది. నోట్సులో ‘1749/50’ అని రెండూ రాసుకోండి.

ఈ దస్త్రాల పెద్ద లోపం ఒకటే. ఇవి ఆస్తి ఉన్నవాళ్లవి. మామూలు సిపాయి, పడవ మీద వచ్చి ఏమీ లేకుండా పోయినవాడు ఇందులో అరుదు. పెళ్లైన స్త్రీ భర్త అనుమతి లేకుండా వీలునామా రాయలేదు కాబట్టి స్త్రీలలో కనిపించేది ఎక్కువగా వితంతువులు, పెళ్లికానివాళ్లు. సైనికాధికారుల కుటుంబాలకైతే, వాళ్ల భార్యాబిడ్డలకు పింఛను ఇచ్చిన మద్రాసు మిలిటరీ ఫండ్ రిజిస్టర్లు ఈ లోటు కొంత తీరుస్తాయి. భీమునిపట్నం, పాలకొల్లు డచ్చి కుటుంబాలకు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో డచ్చి దస్త్రాలున్నాయి. యానాం ఫ్రెంచివారి జనన మరణ రిజిస్టర్లు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని ప్రభుత్వ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో పెట్టింది.

చివరగా సాక్షుల పేర్లు కూడా ఎత్తి రాసుకోండి, కానీ వాళ్లను చుట్టాలనుకోకండి. 1838 నుంచి వచ్చిన ఇంగ్లీషు చట్టం ప్రకారం సాక్షికి గానీ, సాక్షి భార్యకో భర్తకో గానీ రాసిన ఆస్తి చెల్లదు. అందుకని ఆస్తి వచ్చే చుట్టాన్ని సాక్షిగా పెట్టేవారు కాదు. చుట్టాల కోసం చూడాల్సింది ఎగ్జిక్యూటర్ల (వీలునామా అమలు చేసేవాళ్ల) పేర్లలో, పిల్లలకు పెట్టిన గార్డియన్ల పేర్లలో.