జెన్నారో ఎముకల వెంట నాలుగు రోజులు: పొజ్జువోలి నుంచి నేపుల్స్ దాకా

నేపుల్స్‌కి పునీత జెన్నారోను దర్శించడానికి వెళ్ళేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఒక్కటే. దిగీ దిగగానే డుఓమోకి, అంటే అక్కడి ప్రధాన దేవాలయానికి, పరుగెత్తకండి. బంగారం, వెండి, జనం, ఆయనదని చెప్పే, గాజుబుడ్డిలో గడ్డకట్టిన నెత్తురు అన్నీ అక్కడే ఉన్నాయి. కానీ ఆ మెరుపులో అసలు మనిషి కనబడడు. ఆయన ప్రాణం విడిచిన చోట మొదలుపెట్టి, ఎముకలు ఏ దారిన నేపుల్స్ చేరాయో ఆ దారినే మీరూ రండి. మేం అలాగే తిరిగాం. అందుకే నాలుగు రోజులూ మనసులో నిలబడ్డాయి.

మేం అంటే నేనూ అమ్మా. నాకు మ్యూనిక్‌లో ఉద్యోగం. అమ్మ ఏలూరు నుంచి వచ్చి మూడు నెలలు నా దగ్గర ఉంది. ఏటా ఫిబ్రవరి 11కి గుణదల కొండ ఎక్కడం మానని మనిషి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. "తిరునాళ్ళ ఉన్న ఊరికి తీసుకెళ్ళు, మ్యూజియాలకి వద్దు" అంది. సెప్టెంబరు 19 జెన్నారో పండుగ. అంతకు రెండు రోజుల ముందే విమానం ఎక్కాం.

ఈయన కథ క్లుప్తంగా చెబుతాను. జెన్నారో బెనెవెంతో ఊరి మేత్రాణులు, అంటే బిషప్. డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల మీద విరుచుకుపడిన రోజులవి. మిసేనుమ్ ఊళ్ళో డీకన్‌గా, అంటే గురువుకి సాయంగా, ఉన్న సోసియుస్‌ని జైల్లో వేశారని తెలిసి జెన్నారో చూడబోయారు. చూడబోయినవారినీ పట్టుకున్నారు. నేపుల్స్ పక్కనున్న పొజ్జువోలిలో మృగాలకి వేయాలనుకున్నారు. ఎలుగుబంట్లు ఆయన కాళ్ళ దగ్గర తల వంచాయని భక్తులు చెబుతారు. చివరికి 305లో సోల్ఫతారా అనే నిప్పుకొండ బిలం దగ్గర, మరో ఆరుగురితో కలిపి తల నరికారు. ఈ వివరాలు రాసిపెట్టినవాళ్ళు ఆయన తర్వాత చాలాకాలానికి పుట్టినవాళ్ళు. కాబట్టి ఇందులో చరిత్రా ఉంది, భక్తి అల్లినదీ ఉంది. జైల్లో ఉన్న మనిషిని పలకరించడానికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకోవడం మాత్రం నా గుండెకి తగిలింది.

మొదటి రాత్రి పొజ్జువోలిలోనే ఉన్నాం. రేవుకి దగ్గర్లో చిన్న బస. రాత్రికి 70 యూరోలు, పొద్దున కాఫీ, కొర్నెత్తో అనే తీపి రొట్టె ఇచ్చారు. మెట్లు తక్కువ, గది శుభ్రం, రాత్రి పదింటికల్లా నిశ్శబ్దం. పెద్దవాళ్ళతో వెళ్తే ఇదే మంచిదని ఇప్పటికీ అంటాను. ఒక సంగతి మాత్రం తెలుసుకుని వెళ్ళాలి. అక్కడ నేల మెల్లగా లేస్తూ దిగుతూ ఉంటుంది. కింద నిప్పుకొండ ఉంది మరి. 2024 మే 20న 4.4 తీవ్రతతో కంపించింది. మేమున్న పొద్దున కూడా చిన్నగా కదిలింది. గాజు గ్లాసులు టింగుమన్నాయి, అంతే. కానీ పట్టాలు పరీక్షించాలని రైళ్ళు ఆపేశారు. గంటన్నర స్టేషన్లో కూర్చున్నాం. ఇంకో బండి పట్టుకోవలసిన రోజున పొజ్జువోలి పెట్టుకోకండి.

రేవు దగ్గర పాత రోమన్ల అంగడి శిథిలాలున్నాయి. సెరాపిస్ గుడి అని పిలుస్తారు. నిలబడి ఉన్న మూడు పాలరాతి స్తంభాల్ని చూడండి. ఒక ఎత్తులో రాయి నిండా చిన్న చిన్న బొక్కలు. సముద్రపు గవ్వపురుగులు తొలిచినవి. నేల కుంగినప్పుడు స్తంభాలు అంత లోతున నీళ్ళలో మునిగాయి, మళ్ళీ నేల లేచినప్పుడు బయటపడ్డాయి. టికెట్ అక్కర్లేదు, కంచె అవతల నుంచే కనబడతాయి.

జెన్నారోని మృగాలకి వేయాలనుకున్న రోమన్ల పోటీల రంగం, ఫ్లావియన్ ఆంఫిథియేటర్లో కింది సొరంగాలు అద్భుతంగా నిలిచి ఉన్నాయి. మృగాల్ని పైకి లేపే గుంటలు, బోనుల అరలు అన్నీ తెలుస్తాయి. జెన్నారోని ఖైదు చేశారని చెప్పే చోట చిన్న ప్రార్థనా మందిరం ఉంది. అయితే నడక ఎక్కువ, నీడ తక్కువ. అమ్మ సగంలో ఆగిపోయింది.

అక్కడి నుంచి సోల్ఫతారా వైపు ఎగువకి వెళ్తే కపుచిన్ సన్యాస సభ గురువుల పుణ్యక్షేత్రం. 1580ల్లో కట్టారు. సోల్ఫతారా బిలం 2017లో ఒకే ఇంటివాళ్ళు ముగ్గురు అందులో పడి చనిపోయినప్పటి నుంచి మూసే ఉంది. గాలిలో గంధకం వాసన మాత్రం తగులుతూనే ఉంటుంది. గుడి సాదాగా ఉంటుంది. ఒక పక్క మందిరంలో తల నరికిన రాయి అని చూపించే రాయి, దాని మీద ఎర్రటి మరకలు. పండుగ రోజున అవి ఇంకా ఎర్రబడతాయని నమ్మకం. పరిశీలించినవాళ్ళు అది జెన్నారో కాలం తర్వాతి బలిపీఠపు రాయి అని, ఎరుపు రంగు పూతదని చెప్పారు. ఆ మాట అమ్మకి చెప్పాను. "ఎవరో ఆయన పేరు మీద పూజ చేసిన రాయేగా" అని, కొంగు తల మీదికి లాక్కుని, ఎదుట నిలబడి మన గుళ్ళో చదివినట్టే పద్ధతిగా చదివింది: "పునీత జెన్నారో గారా, మా కొరకు ప్రార్థించండి." మేమిద్దరమూ, పువ్వులు మారుస్తున్న ఒక పెద్దావిడా తప్ప గుళ్ళో ఎవరూ లేరు. ప్రార్థనకి వచ్చేవాళ్ళకి నా మొదటి ఓటు ఈ చోటుకే. టికెట్ లేదు, వరస లేదు, తొందర లేదు. మధ్యాహ్నం మూస్తారు, పొద్దున్నే వెళ్ళండి.

రెండో రోజు నేపుల్స్. డుఓమో వీధిలో గది 95 యూరోలు, పండుగ వారం కాబట్టి ఆ ధర. నాలుగో అంతస్తు. లిఫ్టులో నాణెం వేస్తేనే కదులుతుంది. ఆ ఊళ్ళో పాత ఇళ్ళల్లో ఇది మామూలే, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఊరి పన్ను విడిగా నగదు అడుగుతారు. తాళంచెవి పెట్టెకి పంపిన నంబరు పనిచేయలేదు. ఇంటాయన ఫోను ఎత్తలేదు. గంటసేపు సామానుతో వీధిలో నిలబడ్డాం. ఎదురింటి ఆవిడ కుర్చీ తెచ్చి అమ్మని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. భాష రాకపోయినా ఇద్దరూ మోకాళ్ళు చూపించుకుని మాట్లాడుకున్నారు. గది బాగుంది కానీ రాత్రి ఒంటిగంట దాకా స్కూటర్ల మోత. గుడికి మూడు నిమిషాల నడక అన్న ఒక్క సౌకర్యానికే ఆ డబ్బు.

ఆ సాయంత్రమే కపోదిమొంతె కొండ పక్కన జెన్నారో కాటకోంబులకి వెళ్ళాం. ఈ ప్రయాణం మొత్తంలో సేవలు ఎక్కడ బాగున్నాయంటే ఇక్కడే. కింది పేట సనితా. ఒకప్పుడు బయటివాళ్ళు అడుగుపెట్టడానికి జంకిన పేట. ఆ పేట పిల్లలే లా పరాంజా అని సహకార సంఘం పెట్టుకుని ఈ భూగర్భ శ్మశానాన్ని శుభ్రం చేసి, దీపాలు పెట్టి నడుపుతున్నారు. వేళకి మొదలుపెడతారు, ఇంగ్లీషులో విడిగా చెబుతారు. టికెట్ సాన్ గౌదియోజో కాటకోంబులకి కూడా చెల్లుతుంది, మరో రోజు వెళ్ళొచ్చు. మా గైడు పాతికేళ్ళ అమ్మాయి. అమ్మ నడక చూసి గుంపు మొత్తాన్ని నెమ్మదిగా నడిపించింది.

జెన్నారో ఎముకల్ని అయిదో శతాబ్దంలో నేపుల్స్ మేత్రాణులు పొజ్జువోలి వైపు నుంచి తెచ్చి ఇక్కడ పెట్టారు. ఆయన పక్కన పడుకోవాలని ఊరి జనం తమ సమాధులు ఇక్కడే తవ్వించుకున్నారు. మెత్తని పసుపు రాయిలో ఒకదాని మీద ఒకటి అరలు. ఒక గోడ మీద జెన్నారో బొమ్మ, తెలిసినంతలో ఆయన పాత చిత్రాల్లో ఒకటి. చేతులు చాచి నిలబడ్డారు, రెండు పక్కలా కొవ్వొత్తులు, ఒకవైపు స్త్రీ, మరోవైపు చిన్నపిల్ల. కొమినియా, నికతియోలా అని పేర్లు రాసి ఉన్నాయి. కిరీటం లేదు, బంగారం లేదు. యువకుడి ముఖం.

ఇంకో సమాధి దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. తెయోతెక్నో, ఇలరితాస్ అనే దంపతులు, వాళ్ళ కూతురు నొన్నోజా. పాపకి రెండేళ్ళ పది నెలలు. ముందు పాప పోయింది, బొమ్మ వేయించారు. తర్వాత ఒకరు పోయినప్పుడల్లా పాత బొమ్మ మీద కొత్త గచ్చు పూసి మళ్ళీ వేయించారు. గచ్చు ఊడిన చోట కింది పొరలు వేలి మందంలో కనబడతాయి. చివరి పొరలో ముగ్గురూ కలిసి ఉన్నారు. పాప మెడలో ముత్యాలు, చెవులకి పోగులు. అమ్మ చెయ్యి చాచి తాకబోయింది. గైడు మెల్లగా ఆ చెయ్యి పట్టుకుని తన చేతిలోనే ఉంచుకుంది.

831లో బెనెవెంతో పాలకుడు సికోనె దండెత్తి వచ్చి ఎముకల్ని ఎత్తుకుపోయాడు. తర్వాత అవి మొంతెవెర్జినె కొండ మీది మఠానికి చేరాయి. 1497లో గాని నేపుల్స్‌కి తిరిగి రాలేదు. ఆ రెండు ఊళ్ళకీ వెళ్ళాలని నాకు ఉండింది, అమ్మ మోకాళ్ళు చూసి మానేశాను.

19 పొద్దున ఆరున్నరకే డుఓమో ముందు వరస. తనిఖీ దాటి లోపలికి పోయేసరికి ఎనిమిది. ముందు బల్లల్లో కొందరు వృద్ధ స్త్రీలు. వీళ్ళని జెన్నారో చుట్టాలంటారు. నేపుల్స్ యాసలో పాత ప్రార్థనలు ఎలుగెత్తి పాడతారు, ఆలస్యమైతే గదమాయిస్తారు కూడా. 1305లో చేయించిన బంగారు పూత ప్రతిమని చూసి "పసుపు మొహం వాడా" అని పిలవడం ఆ ఊరి ఆనవాయితీ. అమ్మకి చెవిలో చెప్పాను. నిందాస్తుతి మనకి తెలియనిదా! "ఇంట్లో పెద్దాయన మీద చనువు కొద్దీ అరిచినట్టు అరుస్తున్నారే" అంది.

నెత్తురు బుడ్డిల్ని ఉంచే చోటు, కుడిపక్కనున్న నిధి మందిరం. దాని కథ నాకు ఎంతో ఇష్టం. కరువు, యుద్ధం, ప్లేగు కలిసి వచ్చినప్పుడు 1527 జనవరి 13న ఊరివాళ్ళు జెన్నారోతో నోటరీ ముందు ఒప్పందం రాసుకున్నారు. మమ్మల్ని కాపాడు, నీకు మందిరం కడతాం అని. 1608లో మొదలై 1646కి పూర్తయింది. ఇప్పటికీ అది మేత్రాసనానిది, అంటే బిషప్ పాలనలోనిది, కాదు, ఊరి తరఫున ఉన్న సభ పాలనలో ఉంది. దొమెనికీనో గోడలు చిత్రిస్తూనే 1641లో చనిపోయారు, గోపురం లాన్‌ఫ్రాంకో పూర్తి చేశారు.

పదింటి ప్రాంతంలో తెల్లటి చేతిరుమాలు ఊగింది. బుడ్డిలో గడ్డకట్టి ఉండే నెత్తురు కరిగిందన్న గుర్తు అది. చప్పట్లు, ఏడుపులు. మాకు మాత్రం తలలు తప్ప ఏమీ కనబడలేదు. కరిగిన సంగతి మొదట నమోదైంది 1389లో. ఏడాదికి మూడుసార్లు చూపిస్తారు: మే మొదటి ఆదివారానికి ముందు శనివారం, సెప్టెంబరు 19, 1631లో వెసూవియస్ పేలినప్పటి జ్ఞాపకంగా డిసెంబరు 16. 2016, 2020 డిసెంబర్లలో కరగలేదు. కుదిపితే నీరయ్యే జిగురు పదార్థాన్ని పాతకాలపు సామగ్రితోనే చేయవచ్చని 1991లో ఇటలీ శాస్త్రజ్ఞులు చూపించారు. బుడ్డిని తెరిచి చూడలేదు. తిరుసభ, అంటే కథోలిక చర్చి, కూడా దీన్ని అద్భుతమని అధికారికంగా ప్రకటించలేదు. నేను నమ్మేది ఆ బుడ్డి మీద ఆధారపడలేదు, కాబట్టి ఈ రెండు మాటలూ నన్ను కలవరపెట్టలేదు.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నా గట్టి సలహా ఏమిటంటే, 19 వదిలేసి 20న వెళ్ళండి. పండుగ తర్వాత ఎనిమిది రోజులు నెత్తుర్ని దర్శనానికి ఉంచుతారు. మేం మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఇరవై నిమిషాల వరస. గురువు ఆ గుండ్రటి గాజు పెట్టెని అమ్మ ముఖం ముందుకి తెచ్చి పక్కకి వంచారు. పెద్ద బుడ్డిలో సగానికి పైగా ముదురు గోధుమ ఎరుపు. అది గాజు వెంట బరువుగా జారింది, జారిన చోట పల్చటి పొర మిగిలింది. అమ్మ గాజుని ముద్దు పెట్టుకుంది. గురువు గుడ్డతో తుడిచి తర్వాతివాళ్ళ వైపు తిరిగారు.

నిధి మ్యూజియంలో 1713లో మత్తేయో ట్రెల్యా చేసిన కిరీటం ఉంది, 3,694 రాళ్ళు పొదిగారు. పనితనం గొప్పదే. సమయం తక్కువైతే దీన్ని వదిలేయండి. దానికి బదులు వీధిలో పండుగ దుకాణాల్లో తొర్రోనె కొనుక్కోండి. తేనె, బాదం, గుడ్డు తెల్లసొనతో చేసే గట్టి మిఠాయి. మన పప్పుచెక్కలా కొరకబోయారు, పళ్ళు జాగ్రత్త.

ఒక చోటు మాత్రం వదలకండి. ప్రధాన బలిపీఠం కింద నేలమాళిగ ఉంది, సుక్కొర్పో అంటారు. ఎముకలు తిరిగొచ్చాక తొమ్మాసో మల్వితో అనే శిల్పి కట్టిన చిన్న పాలరాతి మందిరం. పైన అంత జనం ఉంటే కింద నలుగురే ఉన్నారు. దాన్ని కట్టించిన కార్డినల్ కరాఫా రాతి విగ్రహం మోకరించి ఉంటుంది. పీఠం కింద కటకటాల వెనక, మట్టి కుండలో ఎముకలు. మన ఇళ్ళల్లో ధాన్యం పోసుకునే కుండలాంటిదే.

అమ్మ మోకరించలేక కటకటాలు పట్టుకుని నిలబడింది. ఈసారి జపం చదవలేదు. "జెన్నారయ్యా, ఎంత తిరిగావయ్యా" అని, మా ఇంట్లో ఒక్కొక్కరి పేరూ వరసగా చెప్పడం మొదలుపెట్టింది. చిన్నమావయ్య రెండో మనవడి దగ్గర పేరు మర్చిపోయి నా వైపు తిరిగి అడిగింది. చెప్పాను.