పడవ సోఫా కోసం తిరుపతి, చిత్తూరు తిరిగాం

సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మా ఎదురు సీటు పెద్దాయన తిరుత్తణి దాటేదాకా ఓపిక పట్టాడు. ఆ తర్వాత ఉండబట్టలేక అడిగేశాడు. "ఏందమ్మా ఆ అట్ట? పటం కట్టించేదానికా?"

పటం కాదు, అది గుమ్మం. 22 అంగుళాల వెడల్పు, 5 అడుగుల ఎత్తు. ఫ్రిజ్ డబ్బా కోసి, మధ్యలో ఖాళీ వదిలి, మడత పెట్టుకునేలా మా ఆయన చేసిన చట్రం. మా పడవ లోపలికి దిగే దారి సరిగ్గా అంతే ఉంటుంది. ఆ చట్రంలోంచి దూరని సామాను ఎంత ముద్దొచ్చినా మాకు పనికిరాదు.

మా ఆయన ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేక, ఇద్దరు స్నేహితులతో కలిసి 42 అడుగుల పాత మోటార్ యాట్ ఒకటి కొన్నారు. 1980లలో కట్టిన ఫైబర్‌గ్లాస్ పడవ, చెన్నైలో ఉంటుంది. ఇంజన్లకు ఢోకా లేదు. పాడైందల్లా లోపలి హాలు. దాన్ని వాళ్లు సెలూన్ అంటారు. మొదటిసారి విన్నప్పుడు పడవలో క్షవరం ఏమిటా అనుకున్నాను. అందులో ఎల్ ఆకారపు సోఫా ఉంది. పాత ఓనరు ఎవరో పార్టికల్ బోర్డుతో కట్టించినట్టున్నారు, కింది చెక్క నాని, ఉబ్బి, గోటితో గిల్లితే రాలిపోతోంది. టేబుల్ ఊగుతోంది. ముందు గదిలో పరుపు బూజు వాసన.

చెన్నైలో 'యాట్' అన్న మాట చెవిన పడగానే రేటు మారిపోతోంది. తిరుపతిలో మా తమ్ముడున్నాడు, వాడికి తెలిసిన ఆచారి ఉన్నాడు, నాకేమో తీర్చుకోవలసిన మొక్కుంది. అలా నాలుగు రోజుల మకాం అనుకుని బయల్దేరాం.

బస సంగతి ముందే చెప్పేస్తాను. స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసం అయితే రైలు దిగి రోడ్డు దాటితే చాలు. కానీ టీటీడీ గదులు ముందుగా బుక్ చేసుకుంటే మేలు, మేం చేసుకోలేదు. బస్టాండు ఎదుటి శ్రీనివాసంలోనూ దొరకలేదు. తమ్ముడింట్లో పిల్లకు పరీక్షలు. దాంతో మొదటి రాత్రి బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. ఏసీ గది అన్నారు. రిమోట్ అడిగితే అంతస్తు మొత్తానికి ఒక్కటే ఉందట, పక్క గదివాళ్ల దగ్గర ఉందట. వేడినీళ్లు పొద్దున 5 నుంచి 7 వరకే. మరుసటి రోజు తిరుచానూరు రోడ్డు వైపు ఒక హోటలుకు మారాం. గది అద్దె 600 ఎక్కువే గానీ గేటు లోపలికి టాటా ఏస్ వస్తుంది. సామాను కొనే పని మీద వచ్చేవాళ్లు ఆ ఒక్కటీ చూసుకోండి. బస్టాండు చుట్టుపక్కల ఆటో ఆపితేనే హారన్లు మోగుతాయి. ఆ హోటల్లో పొద్దుటి ఇడ్లీ మాత్రం తినకండి, బయట బండి మీద తినడం మేలు.

తిరుమలకు 300 రూపాయల దర్శనం టికెట్లు ముందే తీసుకున్నాం కాబట్టి ఆ పూట ఇబ్బంది లేకుండా గడిచింది.

ఇక షోరూములు. రేణిగుంట రోడ్డులో ఒకటి, ఎయిర్ బైపాస్ రోడ్డులో రెండు చూశాం. మొదటి షాపులో సేల్స్ కుర్రాడు ఎంతో మర్యాదగా జ్యూస్ తెప్పించాడు. మా ఆయన చట్రం విప్పి సోఫా పక్కన నిలబెట్టగానే వాడి మొహంలో నవ్వు పోయింది. ఇంటి సోఫా లోతు 34 అంగుళాలు, నిలువుగా తిప్పినా వీపు అడ్డం వస్తుంది. "తలుపు ఊడదీస్తే దూరుతుంది సార్" అన్నాడు. "ఊడదీయాల్సింది తలుపు కాదు బాబూ, పడవ పైకప్పు" అన్నారు ఈయన. ఇలాంటి పడవల్లో కొన్ని సామాన్లను పైకప్పు బిగించకముందే లోపల పెట్టేస్తారట. అందుకే వాటిని ముక్కలు చేస్తే తప్ప బయటికి రావు.

రెండో షాపులో సోఫా కమ్ బెడ్ చట్రంలోంచి దూరింది. నాకు నచ్చింది కూడా. మా ఆయనకు నచ్చలేదు. మా పడవలో రెండు ఇంజన్లూ హాలు నేల కిందే ఉంటాయి, నేలలో మూతలుంటాయి. సోఫాను మంచంగా విప్పితే ఒక మూత మీదికి వస్తుంది. రాత్రిపూట ఏదైనా లీకైతే పడుకున్నవాళ్లను లేపి, మంచం మడిచి, అప్పుడు మూత తీయాలి. పైగా దాని బరువంతా ఒక పక్కే. పడవ ఆ పక్కకు ఒరుగుతుంది, దాన్ని సరిచేయడానికి రెండో పక్క ఇంకేదో బరువు పెట్టాలి. మూడో షాపులో రిక్లైనర్ చూసి ఆయనే కాస్త మెత్తబడ్డారు. కూర్చుని కళ్లు మూసుకున్నారు కూడా. అయిదు నిమిషాల తర్వాత కింద వంగి టార్చి వేసి చూస్తే మెకానిజం అంతా మామూలు ఇనుము. ఉప్పుగాలికి ఎన్నాళ్లు ఆగుతుంది? జ్యూస్ తాగిన మొహమాటానికి మొదటి షాపులో రెండు దిండ్లు కొన్నాను, అంతే.

ప్లైవుడ్ దగ్గర మోసపోయేవాళ్లమే. ఒక షాపాయన "వాటర్‌ప్రూఫ్ సార్, ఊరంతా కిచెన్లకు ఇదే వేస్తారు" అని షీటు తీశాడు. మా ఆయన అంచు దగ్గర ముద్ర చదివారు. ఐఎస్ (భారతీయ ప్రమాణం) 303. అది మామూలు వాడకానికి. మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అని ఉండాలి. ఫినాల్ జిగురుతో అతికించి, 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు. పేరు వాటర్‌ప్రూఫే అయినా రెండిటి మధ్య చాలా తేడా. షాపాయన ఏమీ అనలేదు, షీటు మళ్లీ గోడకు ఆనించేశాడు. 710 వేరే షాపులో దొరికింది. దాన్ని కూడా 19 ఎంఎం కాకుండా 12 ఎంఎం తీసుకున్నాం. 8 బై 4 షీటు 19 ఎంఎందైతే ఇంచుమించు 37 కిలోలు తూగుతుంది, 12 ఎంఎందైతే 23, 24 కిలోలు. ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఈ లెక్క పడవలో ప్రతి షీటుకూ వేయాలి.

తమ్ముడు చెప్పిన ఆచారి కొర్లగుంటలో ఉంటాడు. చేతిలో పనితనం ఉంది, నోట్లో అనుమానం ఉంది. "టేకుతో దిట్టంగా చేసిస్తా, నూరేండ్లుంటాది" అన్నాడు. దిట్టం వద్దంటే నొచ్చుకున్నాడు. పక్కన నిలబడిన ఎవరో ఎర్రచందనంతో చేయించకూడదా అన్నారు నవ్వుతూ. ఈ ఊళ్లో చెక్క మాట ఎత్తితే ఎర్రచందనం రాకుండా ఉండదు. కేసు సంగతి అలా ఉంచితే, అది నీళ్లలో మునిగేంత బరువైన చెక్క.

టేబుల్ చుట్టూ ముప్పావు అంగుళం ఎత్తున టేకు పట్టీ కావాలన్నాం, అల వచ్చినప్పుడు గ్లాసులు జారకుండా. మూలల దగ్గర మాత్రం పట్టీ తెరిచి ఉంచాలి, లేకపోతే తుడిచినప్పుడు మెతుకులు అక్కడే ఇరుక్కుంటాయి. ఇది విన్నాక ఆచారి మొదటిసారి తలూపాడు. సొరుగుల దగ్గర మళ్లీ చర్చ. మ్యాగ్నెట్ చాలన్నాడు. చాలదు. పడవ ఒరిగితే సొరుగు దానంతటదే బయటికి వచ్చేస్తుంది. కొంచెం పైకెత్తి లాగితే తప్ప రాకుండా కింద గాడి కొట్టాలి. అలాంటిది చేయలేదన్నాడు గానీ, చిన్న ముక్క మీద చేసి చూపించి, తనే నాలుగుసార్లు లాగి చూసుకున్నాడు. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి మేమే తెచ్చుకున్నాం. ఊళ్లో 304 రకం దొరికింది, ఉప్పుగాలికి అది సరిపోదు.

నాలుగో రోజు పొద్దున మాధవమాల వెళ్లాం, ఏర్పేడు దగ్గర చెక్క శిల్పాల ఊరు. చిన్న వెంకటేశ్వరస్వామిని కొన్నాను. కదిలే పడవలో స్వామి ఎలా నిలబడతాడని శిల్పి అడిగి, పీఠం వెడల్పుగా ఉన్నది ఏరి, బోల్టులకు రెండు రంధ్రాలు వేసిచ్చాడు. శ్రీకాళహస్తి కలంకారీ కూడా చూశాం. సోఫాకు వేయాలని నా ఆశ. చేత్తో గీసిన నూలు బట్ట, ఎండకు వెలుస్తుంది, తేమకు బూజు పడుతుంది. ఇంటికి చీర కొనుక్కుని ఊరుకున్నాను.

అసలు పని అయింది మూడో రోజు చిత్తూరులో. తిరుపతి నుంచి 70 కిలోమీటర్లు. కాణిపాకంలో దణ్ణం పెట్టుకుని వెళ్లాం. బెంగళూరు నుంచి చెన్నై వెళ్లే పాత దారి చిత్తూరు మీదుగానే పోతుంది కాబట్టి లారీల షెడ్లకు కొదవలేదు. వాటిలో ఒకటి బస్సు సీట్లు కుట్టే షెడ్డు. తమ్ముడి ఫ్రెండు పంపాడు. రేకుల కప్పు, నేలంతా ఫోము ముక్కలు, కూర్చోవడానికి పాత డ్రైవరు సీటు. ఇక్కడేం అవుతుందిలే అనుకున్నాను.

షెడ్డాయన మా చట్రం చూసి నవ్వలేదు. "బస్సు డోరు కంటే చిన్నదే" అని టేపు తీసి కొలిచాడు. "ఒకటిగా చేస్తే పోదు సార్. మూడు ముక్కలు చేసి లోపల బోల్టు కొడదాం." రెండు రోజులు షోరూముల్లో మేం చెప్పలేక చచ్చినదంతా ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. అదురుకు నట్లు వదులవుతాయి కదా అని ఈయన మొదలుపెట్టేలోపే, "వట్టి నట్టు వేస్తే వారానికే ఊడొస్తాది, నైలాక్ వేస్తా" అన్నాడు. లోపల నైలాన్ రింగు ఉండి, అదురుకు వదులు కాని నట్టు అది. వీపు దిండు తీసి పెట్టుకునేలా కావాలంటే స్లీపర్ బస్సు బెర్తుకు వేసే కొక్కెం చూపించాడు. ఇరుకు దారి, అదురు, సామాను కింద సామాను, ఇవన్నీ బస్సులోనూ ఉన్నవే.

ఒక్క చోట మాత్రం పేచీ. ఆయన చదరపు ఇనుప పైపుతో ఫ్రేము కడతానన్నాడు. తుప్పు పడుతుందని మేం వద్దన్నాం. చివరికి కింది పెట్టెలు ఆచారి ప్లైవుడ్‌తో చేయాలి, అంచులకు నీళ్లు ఇంకకుండా ఎపాక్సీ పూయాలి, పై దిండ్లు షెడ్డాయన కుట్టాలి అని కుదిరింది. ఫోము 40 డెన్సిటీ, 4 అంగుళాల మందం. రెగ్జిన్ చెమట పట్టిస్తుందని పైన బట్ట, అడుగున గాలాడేలా జాలీ గుడ్డ. జిప్పులు ప్లాస్టిక్‌వి. పెట్టె పలకకు కూడా రంధ్రాలు కొట్టించమని ఆయనే గుర్తు చేశాడు. గాలి ఆడకపోతే దిండు అడుగున చెమ్మ చేరుతుంది, మా పాత పరుపు పాడైంది సరిగ్గా అలాగే. కుట్టుకూలి, ఫోము, బట్ట అన్నీ కలిపి చెప్పిన ధరకు మేం బేరమే ఆడలేదు. నేను బేరం ఆడకపోవడం మా తమ్ముడు మొదటిసారి చూశాడట. షెడ్డులో ఫోను ఎత్తరు, అదొక్కటే లోటు. మధ్యలో రెండుసార్లు తమ్ముడు స్వయంగా వెళ్లి చూసి రావలసి వచ్చింది.

మూడు వారాలకు అన్నీ తిరుపతి చేరాయి, టాటా ఏస్‌లో ఎక్కించాం. దారిలో ఒకచోట ఆపి, దుప్పటి ఎత్తి చెక్క చూశారు. ప్లైవుడ్, టేకు బిల్లులు చేతిలో ఉన్నాయి కాబట్టి పది నిమిషాల్లో వదిలేశారు. ఈ వైపు నుంచి చెక్క తీసుకెళ్లేవాళ్లు బిల్లు లేకుండా కదలకండి.

పెట్టెలు మూడూ దూరాయి. టేబుల్ పలక మాత్రం పట్టీతో కలిపి అరంగుళం ఎక్కువైంది. చట్రం కొలిచినప్పుడు ఆచారి పట్టీని లెక్కలోకి తీసుకోలేదు, మేమూ అడగలేదు. ఏటవాలుగా తిప్పి, ఒక మూల గీరుకుపోయి, ఎలాగో లోపలికి వెళ్లింది. ముందు గది పరుపు ఇంకా మిగిలే ఉంది. అది పడవ ముక్కు ఆకారంలో కోసుగా ఉంటుంది, కొలతలు రాసిస్తే చాలదు. పాత పరుపు కింద న్యూస్‌పేపర్లు పరిచి, అంటించి, గీత గీసి కోసి పెట్టాం. వచ్చే నెల ఆ కాగితం చుట్టుకుని మళ్లీ చిత్తూరు వెళ్లాలి. ఈసారి విష్ణు నివాసం ముందే బుక్ చేశాను.