పోయినవాళ్ళ బొమ్మ కలంకారీలో వేయిస్తే: కాళహస్తి పనితనం ఎలా ఉందంటే

పెద్దకర్మకి కావాలంటే ఇటు రావద్దు. ఆ తొందరకి తిరుపతిలో ఫోటో స్టూడియోలే గతి, ఆధార్ ఫోటో ఇచ్చినా పెద్దది చేసి ఫ్రేము కట్టిస్తారు. శ్రీకాళహస్తిలో ఆర్డరిచ్చి చేత్తో వేయించుకునే కలంకారీ బొమ్మ సంవత్సరీకం నాటికి చూసుకోవాల్సిన పని.

గీతకి వంక పెట్టలేం. గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలల్లో తడిపి ఎండబెడతారు. పాలల్లోని వెన్న వల్లే నలుపు పాకకుండా ఆగుతుంది. పాలు పల్చనైతే గీత అంచులు ఈకల్లా చీలతాయి, పెదవి దగ్గర చూస్తే ఇట్టే దొరికిపోతుంది. ముందు చింతబొగ్గుతో గీస్తారు. అది దులిపితే పోతుంది కాబట్టి ఇంటివాళ్ళు వెళ్ళి చూడాల్సింది అప్పుడే. తర్వాత దిద్దేది కసిమితో: తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు వారాల తరబడి పులిసిన నలుపు. కసిమిలోని ఇనుము కరక్కాయ వగరుతో కలిసి పోగులోకి దిగిందంటే ఇక చెరపడం ఉండదు.

పోలిక దగ్గరే పేచీ. ఈ పనిలో నీడలుండవు, అంతా గీతే. నేరుగా చూసే పాస్‌పోర్టు ఫోటో ఇస్తే ముఖం పలకలా వస్తుంది. కాస్త పక్కకి తిరిగిన ఫోటో ఇవ్వాలి. ముఖం జానెడైనా ఉండాలి. మనిషిని కూర్చోబెట్టి నిండుగా వేయమంటే ముఖం నాలుగు వేళ్ళకి కుదించుకుపోతుంది, అప్పుడు ముక్కు నూలుపోగంత జరిగినా మనిషి మారిపోతాడు. అవ్వ ఒళ్ళు పసుప్పచ్చగా వచ్చిందని గొడవపడొద్దు, ఈ సంప్రదాయంలో ఆడవాళ్ళకి వేసే రంగే అది. జుట్టుని మాత్రం ముద్దగా నలుపుతో నింపొద్దనండి. ఇనుము ఎక్కువున్నచోట ఏళ్ళు గడిచేకొద్దీ గుడ్డ పెళుసెక్కి చిరుగుతుంది. విడివిడి గీతలు చాలు, నెరిసిన తలకి అవే అందం కూడా.

ఫ్రేము పని నాసిరకం. ప్లైవుడ్‌కి జిగురుతో అంటించేస్తే వానాకాలంలో బుడగలు లేస్తాయి. చెక్క చట్రానికి గుడ్డని లాగి అంచులు కుట్టించండి. అద్దానికీ గుడ్డకీ మధ్య అర సెంటీమీటరు సందు ఉండాలి, లేకుంటే చెమ్మ పట్టి మరకలు పడతాయి. దండకి వేరే మేకు కొట్టండి, తడి పూలనుంచి కారే నీళ్ళు ఫ్రేములోకి దిగకుండా. గంధం బొట్టు అద్దం మీదే. చాలా ఇళ్ళల్లో ఎలాగూ దక్షిణం గోడకే పెడతారు. అక్కడ ఎండ నేరుగా పడేది తక్కువ, తొందరగా వెలిసే పసుపుకి అది మేలే.

అంచులో పేరు, జనన మరణ తేదీలు రాయించేట్టయితే ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. కాగితం మీద పెద్దక్షరాలతో రాసివ్వండి. ఒత్తు తప్పినా అది కసిమే.